ఈ బండి ఏ పని చేసి వచ్చింది?

(పాత ట్రాక్టర్ కొనాలనుకునే రైతుల కోసం జరిగిన సమావేశంలో ఒక ట్రాక్టర్ మెకానిక్ మాట్లాడిన మాటలివి. మాట తీరు చెడకుండా అవసరమైన చోట మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. మధ్యలో అనుమానం వస్తే అక్కడే అడిగేయండి, చివరిదాకా దాచుకోవద్దు.

పాత ట్రాక్టర్ చూడటానికి వెళ్లినవాళ్లు ఎక్కువమంది రెండే అడుగుతారు. ఏ మోడలు? మీటరు ఎన్ని గంటలు చూపిస్తోంది? అడగొద్దనను. నేను మాత్రం ముందు వేరేది తెలుసుకుంటాను. ఇన్నాళ్లూ ఈ బండి ఏ పని చేసింది? ఒకే ఏడాది షోరూం నుంచి బయటికొచ్చిన రెండు బండ్లలో ఒకటి దమ్ము చేసింది, ఒకటి ఇసుక తోలింది అనుకోండి. అయిదేళ్ల తర్వాత వాటిలో అరిగే సామాన్లు వేరువేరు. దమ్ము బండికి ఆయిల్ సీళ్లు, హబ్బులు, బ్రేకులు దెబ్బతింటాయి. ఇసుక బండికి క్లచ్, గేర్లు, వెనక హుక్కు పోతాయి. మెట్టలో రోటావేటర్ వేసిన బండికి దుమ్ము ఇంజిన్లోకి చేరుతుంది. పని తెలిస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. తెలియకపోతే బానెట్ ఎత్తి, ఏదో అర్థమైనట్టు తలూపి, దించేస్తాం. (నవ్వులు)

అమ్మేవాడు నిజం చెబుతాడా అని మీ అనుమానం. "ఇంటి పనికే వాడాం బాబాయ్, బాడుగకి పంపలేదు" అనేమాట ప్రతి బండి దగ్గరా వినపడుతుంది. విని ఊరుకోండి, వాదించొద్దు. వెనక్కి వెళ్లి ట్రక్కు తగిలించే హుక్కు చూడండి. పిన్ను దిగే కన్నం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా? సాగితే అది ట్రక్కు లాగి లాగి సాగిందే. వెనక టైర్ల గట్లు చూడండి. తారురోడ్డు మీద తిరిగిన టైరు మధ్యలో నున్నగా అరిగిపోయి, అంచుల దగ్గర గట్టు మిగిలి ఉంటుంది. ఇక దమ్ము బండి అయితే చక్రం నట్లూ బోల్టులూ చూస్తే తెలిసిపోతుంది. ఇనుప చక్రాలు ఎక్కించీ దించీ వాటి మూలలు అరిగిపోయి ఉంటాయి, డిస్కు కన్నాలు కూడా ఒక్కోసారి సాగుతాయి. వెనక పనిముట్లను ఇంజిన్ బలంతో తిప్పే పీటీఓ షాఫ్టు మీద టోపీ తీసి గాళ్లు చూడండి. అంచులు పదునెక్కి సన్నబడి ఉంటే రోటావేటరో, వరి నూర్చే మిషనో బాగా తిప్పిన బండి.

గంటల మీటరు సంగతి. పాత బండ్లలో అది గడియారంలా నడవదు, ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి నడుస్తుంది. ఇంజిన్ మెల్లగా తిరుగుతుంటే గంటసేపు పని చేసినా మీటరులో గంట పడదు. కేబుల్ ఊడితే అక్కడే ఆగిపోతుంది, ఊడదీసినా అంతే. అందుకే మీటరును వేరే వాటితో సరిచూడాలి. క్లచ్ పెడల్ మీద రబ్బరు పోయి ఇనుము మెరుస్తుంటే, వెనక పనిముట్లు తగిలించే కింది లింకుల గుండ్లు గలగలమంటుంటే, పదిహేను వందల గంటలని మీటరు చెప్పినా నమ్మక్కర్లేదు. టైరు కూడా పనికొస్తుంది. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బండి 2018 మోడల్, టైర్లు 2022వి, మీటరు చూస్తే తక్కువ గంటలు. మరి మొదటి జత టైర్లు ఎక్కడ అరిగాయి? అడగండి. సరైన జవాబు కూడా ఉండొచ్చు, టైరు పేలి మార్చి ఉండొచ్చు. కానీ అడగాలి.

ఇప్పుడు అసలు పరీక్షకి వద్దాం. పొద్దున్నే వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ మొదట్లో, ఇంజిన్ బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అప్పటికే ఒకసారి తిప్పేశారన్నమాట. చలికి స్టార్ట్ కాని బండిని వేడిచేసి చూపించడం బేరగాళ్లకు అలవాటే. అలాంటప్పుడు గొడవ పడక్కర్లేదు, "రేపొస్తాం" అని తిరిగిరండి.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్ల మీద నూనె తెట్టు ఉందా, నీళ్లు ఇటుకపొడి రంగులో ఉన్నాయా చూడండి. తర్వాత ఇంజిన్ ఆయిల్ గేజీ తీయండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, మార్చిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. తేనె రంగులో మెరిసిపోతుంటేనే నిన్న ఎందుకు మార్చారని ఆలోచించాలి. పాలు కలిసినట్టుంటే నీళ్లు చేరాయి, హెడ్ గాస్కెట్టో ఇంకేదో పోయింది. వేళ్ల మధ్య రుద్దితే మరీ జిగటగా ఉంటే, పొగా చప్పుడూ కనపడకుండా గేర్ ఆయిల్ లాంటి చిక్కటిది కలిపి ఉండొచ్చు.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఎయిర్ క్లీనర్. మన దగ్గర తిరిగే పాత బండ్లలో ఎక్కువ ఆయిల్ బాత్ క్లీనర్లే. కింద గిన్నె విప్పండి. అడుగున బురద పేరుకుపోయి, నూనె మడ్డిలా తయారైతే ఆ యజమాని దాన్ని పట్టించుకోలేదు. అక్కడితో ఆగొద్దు. క్లీనర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి ఊడదీయండి. ఇంజిన్ వైపున్న గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. ఆ గొట్టంలో దుమ్మనేది ఉండకూడదు. వేలికి సన్నటి ఎర్రదుమ్ము అంటుకుందంటే క్లీనర్ దాటి మట్టి లోపలికి పోతోంది. ఆ మట్టి పిస్టన్ రింగుల్నీ, సిలిండర్ లోపలి లైనర్లనీ ఆకురాయిలా అరగదీస్తుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు ఎర్రనేలల్లో ఎండాకాలం దున్నిన బండి దగ్గర ఈ వేలు పరీక్ష మానొద్దు. పని రెండు నిమిషాలు, కావలసింది ఒక స్క్రూడ్రైవరు.

ఇక స్టార్ట్ చేయించండి. మీరు సీటెక్కొద్దు, పక్కన నిలబడి చూడండి. సెల్ఫ్ ఎంతసేపు కొడితే అందుకుంది? మొదట తెల్లపొగ కాస్త వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు, చలికి డీజిల్ పూర్తిగా మండక వచ్చే పొగ అది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ చిమ్మే నాజిళ్లు చూడాలి, లేదా సిలిండర్లోకి నీళ్లు వెళ్తున్నాయేమో చూడాలి. నల్లపొగంటే గాలి చాలలేదనో, డీజిల్ ఎక్కువైందనో. అది చాలాసార్లు క్లీనరూ నాజిళ్లతో సరిపోయే ఖర్చు. నీలం పొగ వస్తే భయపడాలి. ఇంజిన్ ఆయిల్ తింటోంది. కాసేపు నెమ్మది మీద వదిలేసి, ఒక్కసారి రేస్ చేయించండి. గుప్పున నీలం పొగొస్తే బోరుకొచ్చిన బండి అని లెక్క, అంటే లోపల అరిగిపోయి ఇంజిన్ విప్పి బాగుచేయాల్సిన బండి.

దానికి తోడు, ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ పైపు చూడండి. ఇంజిన్ నడుస్తుండగా దాని ముందు అరచెయ్యి పెడితే సన్నటి గాలి తగలడం మామూలే. గుక్కగుక్కగా పొగ తంతోంది, చెయ్యి మీద నూనె తుంపర పడుతోందంటే రింగులు దాటి గ్యాసు కిందికి దిగుతోంది. ఆయిల్ పోసే మూత వదులు చేసినా తెలుస్తుంది, మూత ఎగిరెగిరి పడుతుంది. రేడియేటర్ మూత చల్లగా ఉండగానే తీసిపెట్టి, స్టార్ట్ చేసిన కొత్తలో నీళ్లలోకి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్టో, హెడ్డు పగులో.

ఇక్కడొక మాట. నాజిల్ పైపు ఒక్కోటీ వదులు చేసి ఏ సిలిండర్ పని చెయ్యడం లేదో చూడటం మన మెకానిక్కులకు అలవాటు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ ఫోర్ పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో కామన్ రైల్ ఇంజిన్లు, అంటే చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పంపే ఇంజిన్లు వస్తున్నాయి. అలాంటి బండి మీద ఆ పైపులు వదులు చెయ్యనివ్వొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అవి సెకండ్ హ్యాండ్‌కి వస్తే స్కానర్ ఉన్న చోటే చూపించుకోవాలి. 45 హెచ్‌పీ, 50 హెచ్‌పీ లోపు పాత మహీంద్రాలూ, స్వరాజ్‌లూ, మాస్సీలూ మామూలు పంపు బండ్లే.

సభలోంచి: కంపెనీ ఏది మంచిదో చెప్పండి అన్నా.

ఈ ప్రశ్నకి జవాబు చెబితే నాకు ఇంటికి దారి ఉండదు. (నవ్వులు) మీ మండలంలో ఏ బండి సామాన్లు దొరుకుతాయి, ఏ బండి విప్పడం మీ మెకానిక్‌కి వచ్చు, అదే మీకు మంచి కంపెనీ. హెచ్‌ఎంటీ ఎంత గట్టి బండో పెద్దవాళ్లకి తెలుసు. పింజోర్‌లో వాళ్ల ట్రాక్టర్ విభాగం మూతకి కేంద్రం 2016లో ఒప్పుకుంది. ఇప్పుడు చవగ్గా దొరికితే, కొనకముందే సామాన్ల షాపుకెళ్లి నాలుగైదు ముఖ్యమైన పార్టులు ఉన్నాయో లేవో అడిగి రండి.

ఇంజిన్ వేడెక్కాక లోడ్ పరీక్ష. ఊరికే రోడ్డు మీద ఒక రౌండు కొట్టి "బాగుంది" అనుకోవద్దు. ఖాళీ బండి ఏదైనా బాగానే పోతుంది. లోడు ట్రక్కు తగిలించండి, లేదా కల్టివేటరో రోటావేటరో పెట్టి పొలంలో అరగంట తోలించండి. ఆ అరగంటలో టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగింది, ఇంజిన్ వేడి మీద నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎర్రగీతలోకి జారుతోందా, ఇవి చూడండి. చల్లటి ఇంజిన్‌లో ప్రెషర్ ఎప్పుడూ బాగానే కనపడుతుంది. వేడి మీదే బేరింగుల నిజం తెలుస్తుంది.

క్లచ్‌కి ఒక తేలిక పరీక్ష. బ్రేకులు గట్టిగా పట్టి, పై గేరులో పెట్టి, నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా రయ్యిమని తిరుగుతుంటే క్లచ్ జారుతోంది. పదేపదే చెయ్యొద్దు, ఒక్కసారి చాలు. ముందెవరూ లేకుండా చూసుకోండి. డ్యూయల్ క్లచ్ బండైతే పెడల్ సగం నొక్కితే బండి ఆగి పీటీఓ తిరుగుతూనే ఉండాలి, పూర్తిగా నొక్కితే పీటీఓ కూడా ఆగాలి. ట్రాక్టర్ క్లచ్ మార్చాలంటే బండిని నడుముకి రెండుగా విప్పాలి. ప్లేటు ధరకి ఆ కూలి కూడా కలుపుకోండి.

గేర్లు అన్నీ వెయ్యండి, హై లో రెండిట్లోనూ. లోడు మీద వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలితే గేరు తనంతట తను ఊడి న్యూట్రల్లో పడుతోందా? ఊడుతుంటే లోపల గేరు పళ్లు అరిగాయి, లేదా ఫోర్కు వంగింది. మలుపు తిరిగేటప్పుడు వెనకనుంచి కడకడమంటే డిఫరెన్షియల్ వైపు చెవి పెట్టండి. అందులోని పెద్ద గేర్ల జత, క్రౌను పినియను పోతే ఆ బిల్లు చూసి బండి అక్కడే వదిలేయాలనిపిస్తుంది. బ్రేకు పెడళ్లు రెండూ విడదీసి, ఒక్కో వైపు తొక్కి చూడండి, చక్రం అక్కడికక్కడే పట్టాలి. రెండూ కలిపి తొక్కితే బండి ఒక పక్కకి లాగకూడదు. ట్రక్కుతో కాలువగట్టు మీద వెళ్లేవాడికి ఇది ప్రాణం సంగతి.

అన్నట్టు, పీటీఓ తిప్పి చూసేటప్పుడు పంచె, కండువా, చీర కొంగు దగ్గరికి రానివ్వొద్దు. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు అది. బట్ట అంచు తగిలితే మనిషి తేరుకునే లోపే చుట్టేస్తుంది.

లిఫ్టు, అదే వెనక పనిముట్లను పైకెత్తేది. కల్టివేటర్ తేలిక, దాంతో చూస్తే ఏమీ తెలియదు. రోటావేటర్ లాంటి బరువు తగిలించి ఎత్తించండి. ఆయిల్ వేడెక్కాకే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా లేచి, వేడి మీద వణుకుతూ ఆగాగి లేచే లిఫ్టులు చాలా ఉన్నాయి. పైకెత్తి ఇంజిన్ ఆపేయండి. టీ తాగి వచ్చేసరికి కొద్దిగా దిగితే పట్టించుకోను. కళ్లముందే జారి నేలకి ఆనుతుంటే లోపల ఎక్కడో ఆయిల్ దాటిపోతోంది. అది చిన్న ఓరింగుతో పోయే జబ్బు కావచ్చు, పంపూ వాల్వూ మార్చాల్సినంత పెద్దది కావచ్చు. విప్పకుండా తేల్చలేం కాబట్టి బేరంలో పెద్దదానికే లెక్క కట్టండి. అది జారుతున్నప్పుడు కింద చెయ్యో కాలో పెట్టొద్దు.

అసలు ఏ మోడల్ లిఫ్టు ఎంత ఎత్తాలి, పీటీఓ దగ్గర ఎంత పవర్ రావాలి అని ఎవరిని అడగాలి? బానెట్ మీద రాసే హెచ్‌పీ ఇంజిన్ది, పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అది తగ్గుతుంది. మధ్యప్రదేశ్ బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులు ఇస్తుంది. అలాంటి శిక్షణ, పరీక్షా సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఉంది. మీ రోటావేటర్‌కి సరిపోతుందా లేదా అన్నది బ్రోకర్ మాట మీద కాదు, ఆ మోడల్ టెస్ట్ రిపోర్టులో పీటీఓ పవర్ అంకె మీద తేల్చుకోండి.

ఇక దమ్ము బండి. మనం డెల్టావాళ్లం కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. బురదలో ఇరుసు దాకా మునిగి పని చేసిన బండికి నీళ్లు ఎటునుంచైనా దూరతాయి. వెనక ఇరుసు సీళ్లు, పీటీఓ సీలు, గేర్ రాడ్ బూటు చిరిగితే అక్కడినుంచి కూడా. చాలా మోడళ్లలో గేర్ బాక్సుకీ హైడ్రాలిక్స్‌కీ ఒకటే ఆయిల్. నీళ్లు చేరితే రెండూ కలిసే పాడవుతాయి. పైన గేజీ తీసి చూస్తే ఒక్కోసారి తెలియదు. రాత్రంతా నిలబడిన బండికి పొద్దున్నే, కదపకముందే, గేర్ బాక్సు కింది డ్రెయిన్ ప్లగ్గు రెండు చుట్లు వదులు చేసి గ్లాసు పట్టండి. నీళ్లు నూనె కంటే బరువు, రాత్రికి అడుగున దిగుతాయి. ముందు నీళ్లే పడతాయి, తర్వాత ఆయిల్. కలిసిపోయి ఉంటే పాలలా వస్తుంది. ఆ ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే తుడిచి చూడండి. నూగులాంటి ఇనపపొడి ఉండేదే. గోరంత ముక్క దొరికితే అది గేరు పన్ను ముక్క. అమ్మేవాడు ప్లగ్గు ముట్టుకోనివ్వనంటే ఆ బండి నాకు అక్కర్లేదు, మీ ఇష్టం మీది.

ముందు ఇరుసు జాకీ ఎత్తి, కింద మొద్దులు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లకలకలాడితే హబ్ బేరింగులు, కింగ్ పిన్ బుష్షులు చూడాలి. సెంటర్ పిన్ దగ్గర ఇరుసంతా కదులుతోందా చూడండి. ఇవి ప్రాణం మీదికొచ్చే ఖర్చులు కావు. బేరంలో తగ్గించుకోవడానికి పనికొస్తాయి.

బాడీ. ట్రాక్టర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్సు, వెనక ఇరుసు, ఈ పోత ఇనుము డబ్బాలే ఒకదానికొకటి బోల్టులతో కలిసి బండి వెన్నెముక అవుతాయి. అందుకే క్లచ్ హౌసింగ్ మీద, ముందు ఇరుసు బ్రాకెట్ మీద వెల్డింగ్ గీత కనపడితే నేను వెనక్కి తగ్గుతాను. విప్పిన ఆనవాళ్లు వేరు. బోల్టుల మీద స్పానర్ గీతలుంటే భయపడక్కర్లేదు, క్లచ్ మార్చాలంటే విప్పాల్సిందే. ఎప్పుడు, దేనికి విప్పారని అడగండి.

కొత్త పెయింటు మీద కోపం అక్కర్లేదు. అయితే గ్రీజు నిపుల్స్ చూడండి. వాటి మూతి మీద కూడా పెయింటు పడి గడ్డకట్టి ఉంటే, పెయింటు వేసినప్పటినుంచి గ్రీజు ఎక్కలేదన్నమాట. రబ్బరు గొట్టాల మీద, కారిన నూనె మరకల మీద కూడా రంగు వేసి ఉంటే అది అమ్మకం కోసం వేసిన రంగే. బ్యాటరీ, లైట్లు, సీటు మీరు చూసుకోగలరు, అవి చిల్లర ఖర్చులు.

కాగితాలు. ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో మీరే స్వయంగా సరిచూడండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. ఇంజిన్ మార్చి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే, అప్పు తీర్చినట్టు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. పేరు మార్పిడికి ఫారం 29, 30. తెలంగాణ బండిని ఇక్కడికి తెస్తున్నా, ఇక్కడి బండిని అక్కడికి తీసుకెళ్తున్నా ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి. ఇసుక కేసులో పట్టుబడిన బండి కాదని కూడా తెలుసుకోండి. బయానా ఇచ్చేటప్పుడు చిన్న కాగితం మీదైనా నంబర్లతో సహా రాయించుకోండి.

సభలోంచి: మేం తీసుకెళ్లిన మెకానికే బ్రోకర్‌తో కలిసిపోతే?

జరుగుతుంది, నా వృత్తివాళ్లని నేను వెనకేసుకురాను. మీ ఊరి మెకానిక్‌ని తీసుకెళ్లండి. రేపు రిపేరుకొస్తే మీ మొహం చూడాల్సినవాణ్ణి. రోజు కూలి మీరే ఇవ్వండి, బండి కొన్నా కొనకపోయినా అదే కూలి. బేరం కుదిరితేనే డబ్బు అన్నారంటే వాడు బేరం కుదర్చడానికే చూస్తాడు.

సభలోంచి: కొత్తగా బోరు చేయించాం అంటున్నారు. అలాంటిది కొనొచ్చా?

కొనొచ్చు, బిల్లులు చూపిస్తే. ఒక్క రింగులు మార్చి కూడా బోరు చేయించామంటారు. లైనర్లు, పిస్టన్లు మార్చారా, క్రాంకు రుబ్బించారా, బిల్లులో ఉంటుంది. క్రాంకు షాఫ్టు రుబ్బినకొద్దీ సైజు మారుతుంది, ఇప్పుడు ఏ సైజులో ఉందో అడగండి: స్టాండర్డా, టెన్నా, ట్వెంటీనా, థర్టీనా. చివరి సైజుకి వచ్చేసి ఉంటే మళ్లీ రుబ్బడానికి ఉండదు, ఈసారి క్రాంకే కొనాలి. బిల్లు చూపించలేకపోతే బోరు చేయించని బండి కిందే ధర కట్టండి. పని చేసిన వర్క్‌షాపు పేరు చెబితే ఫోన్ చేసి కనుక్కోండి, బోరు చేసిన మేస్త్రికి ఆ బండి గుర్తుంటుంది.